రూతు శ్రేణి, ఓర్పా శ్రేణి

అయినా ఓర్పా చేసిన తప్పేమిటి? ఇంట్లో మగవాళ్లంతా పోయారు. మిగిలింది ముగ్గురు విధవరాళ్లు, అత్త నయోమి, ఇద్దరు కోడళ్లు. అత్త తన దేశానికి బయల్దేరి, నడి దారిలో ఆగి, మీ పుట్టిళ్లకు వెళ్లిపొండమ్మా అంది. ఓర్పా ఏడ్చింది, అత్తను ముద్దు పెట్టుకుంది, వెళ్లిపోయింది. పెద్దల మాట విన్న పిల్లని ఏ ఊళ్లోనైనా మెచ్చుకుంటారు. ఈ కథలో మాత్రం ఆ పిల్ల దారి మలుపు తిరిగాక ఏమైపోయిందో అడిగినవాడు లేడు. రెండో కోడలు రూతు వెళ్లనంది, నీవెంటే వస్తానని అత్తను పట్టుకుని వదల్లేదు, బైబిల్లో ఆమె పేరు మీద ఏకంగా ఒక గ్రంథం వెలిసింది. మాట విననిదానికి గ్రంథం. విన్నదానికి అందులో అరవాక్యం.

సుగుణమణి ఆలోచన ఇక్కడికి వచ్చేసరికి, ఎవరో తన పేరు పిలుస్తున్నట్టు అనిపించి తలెత్తింది.

“చిన్నబిడ్డల తరగతి టీచరుగారు శ్రద్ధగా ఆలకిస్తున్నారని భావిస్తున్నాను,” అన్నాడు ప్రసన్నకుమార్.

ఆయన బాలల ఆత్మీయ ప్రగతి మండలి తరఫున వచ్చిన సమన్వయాధికారి. చర్చి పక్కనున్న రేకుల హాల్లో, శనివారం పొద్దున పదింటికి, ఆరుగురు సండేస్కూలు టీచర్లకు శిక్షణ ఇస్తున్నాడు. గోడమీద పడుతున్న ప్రొజెక్టరు బొమ్మలో బాణం గుర్తులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ముందువరుసలో పాస్టరు ఏసుపాదం అయ్యగారు, ఆయన పక్కన సంఘ పెద్ద సొలొమోను గారు కూర్చున్నారు. సొలొమోను గారు డిప్యూటీ తాసిల్దారుగా రిటైరై తొమ్మిదేళ్లయింది. ఆఫీసు మాత్రం ఆయన్ని వదిలి వెళ్లలేదు.

“ఇంతకాలం మనం పిల్లలకు కథలు చెప్పాం,” అన్నాడు ప్రసన్నకుమార్, కథలు అనే మాటను చెవిలో దూరిన చీమను తీసినట్టు తీసి అవతల పెడుతూ. “చెప్పి ఏం సాధించాం? ఈ సంఘంలో రూతు కథ ఎన్నేళ్లుగా చెబుతున్నారు?”

“మా తాతగారి కాలం నుంచండి,” అన్నారు అయ్యగారు.

“దానివల్ల ఎందరు బిడ్డల్లో విశ్వాస్యత ఎంత శాతం పెరిగింది? నమోదు ఉందా?”

లేదు. అయ్యగారు తన తాతగారి తరఫున కూడా సిగ్గుపడ్డట్టు కనిపించారు.

“అందుకే మండలి ఈ సంవత్సరం బోధన నుంచి నిరూపణకు మారుతోంది. విశ్వాస్యత అనేది చెప్పేది కాదు, కొలిచేది. రూతు గ్రంథంలోనే కొలబద్ద ఉంది. నయోమి వెళ్లిపొమ్మంది. ఎన్నిసార్లు? మూడుసార్లు. టీచరు కూడా ప్రతి బిడ్డకూ మూడుసార్లు, నిష్కపటంగా, మనస్ఫూర్తిగా, ఇంటికి వెళ్లిపొమ్మని చెప్పాలి. మూడుసార్లూ కదలని బిడ్డ రూతు శ్రేణి. మధ్యలో వెళ్లిన బిడ్డ ఓర్పా శ్రేణి. రూతు శ్రేణి బిడ్డకే విశ్వాస్యతా ధ్రువపత్రం. వచ్చే జూన్‌లో మిషన్ బడి ఒకటో తరగతిలో సీటు ఈ పత్రం ఉన్నవారికి మాత్రమే అని బడి యాజమాన్యం కూడా అంగీకరించింది.”

“పిల్లలకి ముందు కథ చెప్పమంటారాండి?” అని ఎవరో అడిగారు.

“ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పరాదు. కథ తెలిస్తే బిడ్డ రూతులా నటిస్తుంది. ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కినట్టు.”

సుగుణమణికి ఒక సందేహం కలిగింది. ఆమె సందేహాలు ఎప్పుడూ లోపలే పుట్టి, లోపలే ముసలివై, లోపలే పోయేవి. మండల పరిషత్ బడిలో సూదిపని టీచరు, చర్చి ఆవరణ వెనక ఒంటిగది, నలభై ఆరేళ్లు. మనుషులు ఒక మాట అన్నప్పుడు దాని వెనక ఏముందో తవ్వుకుంటూ కూర్చోవడం తప్ప ఆమెకు వేరే వ్యసనం లేదు. కానీ ఈసారి సందేహం నోటిదాకా వచ్చేసింది.

“మొదటిసారి పొమ్మనగానే వెళ్లిపోతే ఏ శ్రేణండీ? ఓర్పా కూడా మొదటిసారికి వెళ్లలేదు కదండి.”

ప్రసన్నకుమార్ కాగితాలు తిరగేశాడు. “అటువంటి వ్యక్తి లేఖనంలో లేదు. కాబట్టి మీ తరగతిలోనూ ఉండకూడదు.”

సొలొమోను గారు ఆ మాటను నోట్ చేసుకున్నారు.

*

మరునాడు ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం పన్నెండున్నరకు, మొదటి కొలత సుగుణమణి తరగతిలోనే జరిగింది. చుట్టుపక్కల ఇళ్లలోంచి కోడికూర వాసన చర్చి కిటికీల గుండా లోపలికి వస్తోంది. చాపమీద నాలుగేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై ఇద్దరు. సాక్షిగా సొలొమోను గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

సుగుణమణి గొంతు సవరించుకుని, నిష్కపటంగా, “ఇంటికి వెళ్లిపొండమ్మా,” అంది.

నిష్కపటంగా అనడానికి ఆమె పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. ఆమెకూ ఆకలేస్తోంది. మాట ఇంకా పూర్తి కాకుండానే చాప ఖాళీ అయింది. గుమ్మం దగ్గర తొక్కిసలాట, చెప్పుల కోసం వెతుకులాట, ఆపైన ఇసుకలో పరుగులు. కెజియా అనే అయిదేళ్ల పిల్ల మాత్రం నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. సుగుణమణి ఆశగా ముందుకు వంగింది.

“వందనాలండి, టీచరుగారు,” అని చెప్పి, కెజియా కూడా వెళ్లిపోయింది.

చాపమీద మిగిలింది ఒక్కడు. రూబేను. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

“కానివ్వండి,” అన్నారు సొలొమోను గారు.

“వాడు పడుకున్నాడండి.”

“మూడుసార్లు చెప్పాలన్నారు. మేలుకునే ఉండాలని ఉత్తర్వులో ఎక్కడైనా ఉందా?”

సుగుణమణి నిద్రపోతున్న రూబేను మీదికి వంగి, ఇంటికి వెళ్లిపో నాన్నా అని మూడుసార్లు, మెల్లిగా, వాడు లేవకుండా చెప్పింది. వాడు కదల్లేదు. “నిద్రలో సైతం టీచరును విడువలేదు,” అని సొలొమోను గారు రిజిస్టరులో రాసి, కింద సంతకం చేసి, తేదీ వేశారు.

*

నాలుగో రోజుకు జవాబు వచ్చింది. అయ్యగారు దాన్ని సంఘ కార్యాలయంలో నిలబడి చదివారు. కూర్చుని చదవడానికి ధైర్యం చాలలేదు.

“తమ నివేదికను చూచి మండలి మిక్కిలి కలత చెందినది. ఇరువది ఇద్దరిలో ఒక్క బిడ్డ మాత్రమే విశ్వాస్యత కలిగియుండుట ఆ ప్రాంతపు ఆత్మీయ స్థితికి అద్దము పట్టుచున్నది. అయినను గ్రంథమునందు విశ్వాస్యత వెనువెంటనే విమోచన కూడా కలదు గనుక, తప్పిపోయిన బిడ్డలకు విమోచన ప్రక్రియ పిదప మరియొక అవకాశము ఇవ్వబడును.”

కథ తెలిసినవాళ్లకు ఆ ప్రక్రియ గుర్తుండే ఉంటుంది. విధవరాలైన రూతును పెళ్లాడి, ఆ దిక్కులేనితనం నుంచి విడిపించే హక్కు మొదట ఆమె భర్తవైపు ఒక దగ్గరి బంధువుది. అతను నావల్ల కాదని, ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దల ముందు, చెప్పు విడిచి ఇచ్చేశాడు. అప్పుడు ఆ తరువాతి బంధువైన బోయజు ఆమెను విడిపించాడు. ఆ కాలంలో అది అక్కడి ఆచారం. ఈ కాలంలో అది అనుబంధం అయిదు, దరఖాస్తు నమూనా బి.

కాబట్టి వచ్చే ఆదివారం ఓర్పా శ్రేణి బిడ్డలందరి తరఫునా ఇద్దరేసి బంధువులు చర్చి గేటు దగ్గరికి రావాలి. మొదటి బంధువు ఈ బిడ్డ నాకొద్దని చెప్పి ఒక చెప్పు విడవాలి. రెండో బంధువు ఆ చెప్పు అందుకుని బిడ్డను విడిపించుకోవాలి. చెప్పును ఫైలుకు జతచేయాలి.

తొలి చిక్కు పెద్దల దగ్గర వచ్చింది. సంఘానికి ఉన్నది ఆరుగురు పెద్దలు, అందులో ఒకాయన మంచం మీదున్నాడు. సొలొమోను గారు వెనకాడలేదు. మైకు బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌నీ, బ్యాండుమేళం మాస్టరునీ, గేటు ముందు ఐసు బండి ఆపుకున్న మనిషినీ, అతనితో బేరమాడుతున్న ఇంకో ఇద్దరినీ తాత్కాలిక పెద్దలుగా నియమించి, ఎర్ర రిబ్బను ముక్కలు గుచ్చారు.

“నేను మీ మతం కాదండి బాబూ,” అన్నాడు ఐసు బండివాడు.

“మిమ్మల్ని మతం అడగలేదు. నిలబడమన్నాం.”

రెండో చిక్కు, ఏ కాలి చెప్పు అన్నది. దీనిమీద సొలొమోను గారు మండలికి ఫోను చేసి వివరణ కోరారు. అరగంటకు జవాబొచ్చింది. లేఖనం మౌనంగా ఉన్నందున ఏ కాలిదైనా స్వీకరించవచ్చు. అయితే రెండూ స్వీకరించరాదు. రెండూ ఇస్తే అది కానుక అవుతుంది.

మధ్యాహ్నానికి కార్యాలయంలో బీరువా పక్కన చెప్పుల గుట్ట లేచింది. రబ్బరువి, తోలువి, పూలపూల ప్లాస్టిక్‌వి, ఒకే ఒక్క బూటు. ప్రతిదానికీ బిడ్డ పేరు రాసిన చీటీ వేలాడుతోంది. గేటు బయట బాబాయిలూ మేనమామలూ ఒంటికాలి చెప్పుతో కుంటుతూ ఇళ్లకు పోతున్నారు. “నీకొద్దన్నావేంట్రా, నా కొడుకు నీకు బరువయ్యాడా,” అని ఒక అన్న తమ్ముణ్ని చొక్కా పట్టుకుని నిలదీస్తుంటే, “నువ్వే గదన్నా అనమన్నావు, ఫారంలో ఉందని,” అంటున్నాడు తమ్ముడు. మాటకు మాట పెరిగి ఆ ఇద్దరూ అప్పట్నుంచి మాట్లాడుకోవడం మానేశారు.

కెజియాకు ఇద్దరు బంధువులు దొరకలేదు. తండ్రి లారీ మీద దేశంలో ఎక్కడో ఉన్నాడు. తల్లి ఎస్తేరురాణి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. మధ్యాహ్నం మళ్లీ పనిలోకి పోవాల్సినది, చేతులకు ఇంకా తొడుగులుండగానే పరుగెత్తుకొచ్చింది.

“అయ్యా, నేనొక్కదాన్నే ఉన్నానండి. మరో మనిషి లేడండి. నా బిడ్డ సీటు పోతాదండి,” అంది.

“నిబంధన ఇద్దరని ఉందమ్మా.”

“నేను ఇల్లు తుడిచేది, వండేది, పనికెళ్లేది, తండ్రిలాగా అరిచేది, అన్నీ నేనే కదండి. ఇద్దరికి తక్కువేంటండి?”

సొలొమోను గారు ఆమె మాటను తేలిగ్గా తీసుకోలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఉత్తర్వును మళ్లీ మొదటినుంచి చదివారు. చివరకు, ఒకే వ్యక్తి చెప్పు విడవడమూ అదే చెప్పు అందుకోవడమూ ఎక్కడా నిషేధించబడలేదని తేల్చారు. రాణి పదిమంది ముందు నిలబడి, ఈ బిడ్డ నాకొద్దండి అని, ఎడమచేత్తో చెప్పు తీసి, కుడిచేతికి ఇచ్చుకుని, ఈ బిడ్డ నాకు కావాలండి అంది. మొదటి మాట అంటున్నప్పుడు కెజియా తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు సుగుణమణికి తప్ప ఎవరికీ కనిపించలేదు. పదిమంది పెద్దలూ చెప్పును చూస్తున్నారు.

రాణి ఒంటి చెప్పుతో, ఎండలో, షెడ్డు దారి పట్టింది.

*

రెండో కొలతకు ఏర్పాట్లు పకడ్బందీగా జరిగాయి. కథ చెప్పకూడదన్నారు గాని శిక్షణ ఇవ్వకూడదనలేదు. ఆ వారం సాయంత్రాలు సొలొమోను గారు స్వయంగా పిల్లల్ని కూర్చోబెట్టుకుని తర్ఫీదు ఇచ్చారు.

“పొమ్మంటే ఏం చెయ్యాలి?”

“ఉండాలి,” అని కోరస్.

“నిజంగా పొమ్మంటే?”

“ఇంకా గట్టిగా ఉండాలి.”

“రూతు ఎవరు?”

ఎవరికీ తెలియదు. “సీటు,” అన్నాడు రూబేను.

ఆదివారం ఆ తర్ఫీదు అక్షరాలా ఫలించింది. సుగుణమణి వెళ్లిపొమ్మనగానే ఇరవైమంది ఆమె మీదికి ఉరికారు. చీర కుచ్చిళ్లకు నలుగురు, కాళ్లకు ఆరుగురు, మెడకు ఇద్దరు. రెండోసారి అనేటప్పటికి ఆమె చాపమీద కూలబడింది. మూడోసారి ఆమె గొంతు ఎక్కడో పిల్లల కిందనుంచి వినిపించింది. సొలొమోను గారు కళ్లొత్తుకుంటూ ఇరవై టిక్కులు పెట్టారు. రూబేనుది ముందే ఉంది, మొత్తం ఇరవై ఒకటి.

తర్వాత అయిపోయిందన్నారు. పిల్లలు కదల్లేదు. నిజంగా అయిపోయిందన్నారు. ఇంకా గట్టిగా పట్టుకున్నారు. రెండింటికి తల్లులొచ్చారు. రా నాన్నా అంటే, అది కూడా పరీక్షేమోనని పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తూ బెంచీల కాళ్లు కావలించుకున్నారు. తల్లులు లాక్కుపోతే అది పిల్లలు వెళ్లినట్టవుతుందా అన్న ప్రశ్న వచ్చి, సొలొమోను గారు ముందుజాగ్రత్తగా గేటు మూయించారు. తల్లులు గేటు కమ్మీల సందుల్లోంచి ముద్దలు కలిపి పెట్టారు. నాలుగింటికి ఒక్కొక్కరూ నిద్రలోకి జారుకున్నాక భుజాన వేసుకుని తీసుకుపోయారు.

బుధవారానికల్లా ఇళ్లలో కొత్త సంగతులు మొదలయ్యాయి. తల్లులు సుగుణమణి గది ముందు చేరారు.

“టీచరుగారూ, మావోడు పడుకోమంటే లేచి కూర్చుంటున్నాడండి. కూర్చోమంటే పడుకుంటున్నాడు.”

“మాది పొయ్యి దగ్గరికి పోవద్దంటే నవ్వుతాదండి. ఇంకోసారి చెప్పమ్మా, మూడుసార్లు చెప్పు అంటాది.”

“నిన్న మా ఆడపడుచు వచ్చి, ఎల్లొస్తానే అంటే, మా బుడ్డోడు దాని కాళ్లు పట్టుకుని వదలడండి. రాత్రికి ఉండిపోయింది. ఇంకా పోలేదండి.”

సుగుణమణి ఈ ఫిర్యాదులన్నీ రాసి ఇస్తే, సొలొమోను గారు వాటికి ‘కుటుంబాలపై విస్తృత ప్రభావం’ అని శీర్షిక పెట్టి మండలికి పంపారు. అభినందన వచ్చింది.

ఇంతకీ ఇరవై ఇద్దరిలో ఇరవై రెండో బిడ్డ కెజియా. ఆ గలాటా మధ్యలో, మొదటిసారి వెళ్లిపొమ్మనగానే, వందనాలు చెప్పి ఇంటికి వెళ్లిపోయింది. తర్ఫీదుకు ఒక్కరోజు కూడా మానకుండా వచ్చిన పిల్ల. కోరస్‌లో ఆమె గొంతే గట్టిది.

గురువారం సాయంత్రం రాణి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. “అడగండమ్మా మీరే, ఎందుకెళ్లిపోయిందో,” అని మెట్టు మీద కూర్చుండిపోయింది.

“ఎందుకెళ్లిపోయావు, కెజియా?” అని అడిగింది సుగుణమణి.

కెజియా ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయింది. “మీరే కదండి పొమ్మన్నారు.”

“పొమ్మంటే ఉండాలని సొలొమోను తాతగారు నేర్పారు కదమ్మా.”

“తాతగారు అన్నప్పుడు ఉంటానండి. మీరు ఊరికే అనరు కదండి.”

రాణి నుదురు కొట్టుకుంది. తల్లీ కూతుళ్లు వెళ్లాక సుగుణమణి చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. ఆ పిల్ల అన్న మాట ఆమెను ఇరవై రెండేళ్లు వెనక్కి తీసుకుపోయింది.

అప్పటికి భర్త పోయి మూడు నెలలు. అత్తగారు వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. “మీ పుట్టింటికి వెళ్లమ్మా, మణీ. నాతో ఇక్కడేముంది నీకు,” అంది. ఒక్కసారే అంది. తలెత్తలేదు. సుగుణమణి ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. కోపంతో కాదు, బాధతోనూ కాదు. పెద్దావిడ వెళ్లమంది కాబట్టి. ఆ తర్వాత ఏడాదిన్నరకు ఆమె పోయింది. ఆ ఎత్తని తల ఏమందో, అందులో ‘వెళ్లు’ ఎంత, ‘వెళ్లకు’ ఎంత, సుగుణమణి ఇప్పటికీ విడదీయలేకపోతోంది. అప్పట్నుంచే ఆమెకు ఈ తవ్వుకునే అలవాటు. పాలవాడు రేపు రానన్నా దాని వెనక ఏముందోనని ఆలోచిస్తుంది. ఎదుటి మనిషి మాటను ఉన్నదున్నట్టు నమ్మిన ఆఖరి రోజు అదే.

కెజియా ఇంకా నమ్ముతోంది. ఆ నమ్మకం పోగొట్టడమే ఇప్పుడు మిగిలిన పాఠం.

*

మండలికి ఇరవై ఒకటి సరిపోలేదు. “ఇరవై ఒకటి అనేది సంఖ్య. ఇరవై రెండు అనేది సాక్ష్యం,” అన్నాడు ప్రసన్నకుమార్, ఆ ఆదివారం స్వయంగా కారు దిగుతూ. చర్చి ఆవరణలో షామియానా వేశారు. ‘నూరు శాతం విశ్వాస్యత సాధించిన తొలి సంఘం’ అని బ్యానరు అప్పటికే కట్టేశారు. దండలు, ఫొటోగ్రాఫరు, ఎర్ర రిబ్బన్లతో పెద్దలు, తాత్కాలిక పెద్దలు. అయ్యగారు ప్రతి రెండు నిమిషాలకూ సుగుణమణి దగ్గరికి వచ్చి, “అమ్మా, జాగ్రత్తమ్మా,” అని చెప్పి పోతున్నారు. ఆయనకు వచ్చే నెల బదిలీల జాబితా ఉంది.

ఒక్క బిడ్డ కోసం నిబంధన సడలించి, బహిరంగ కొలతకు అనుమతి ఇచ్చారు. ధ్రువపత్రం మీద కెజియా పేరు రాసి సిద్ధంగా పెట్టారు. ఉండాల్సిందల్లా ఆ పిల్ల. రాణి షెడ్డులో సెలవు పెట్టి వచ్చి, కూతురికి తల దువ్వుతూ, చెవిలో చెబుతూనే ఉంది. “కదలకు తల్లీ. టీచరుగారు ఏమన్నా కదలకు. కదిలావంటే బడి లేదింక మనకి.”

షామియానా కింద, జనం మధ్య, సుగుణమణీ కెజియా ఎదురెదురుగా నిలబడ్డారు.

“ఇంటికి వెళ్లిపో, కెజియా,” అంది సుగుణమణి.

కెజియా పాదం లేచింది. ఆ పాదం గాల్లో ఉండగానే తల్లివైపు చూసింది. రాణి తల అడ్డంగా ఊపింది. పాదం నేలమీదికి దిగింది.

“ఒకటి,” అని సొలొమోను గారు లెక్కపెట్టారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు.

“టీచరుగారండి,” అంది కెజియా, చిన్న గొంతుతో. “నిజంగానే అంటున్నారా, ఉత్తుత్తికే అంటున్నారా?”

సుగుణమణి నోరు తెరిచింది. ప్రసన్నకుమార్ చెయ్యెత్తాడు. “బిడ్డ ప్రశ్నలకు టీచరు సమాధానం ఇవ్వరాదు. కొలత కలుషితమవుతుంది. రెండవది కానివ్వండి.”

“ఇంటికి వెళ్లిపో.”

ఈసారి పాదం కదల్లేదు. కానీ కెజియా చూపు కదిలింది. టీచరు పెదాల మీదికి పోయింది, అక్కడినుంచి కళ్లలోకి, మళ్లీ పెదాల మీదికి. మాట ఒకచోట, మనిషి ఇంకోచోట ఉంటారని ఆ పిల్లకు ఇప్పుడే తెలుస్తోంది. ఎక్కడ చూడాలో తెలియక వెతుకుతోంది. కళ్లలో నీళ్లు నిండాయి గాని జారలేదు. వాటిని ఆపుకోవడం కూడా అప్పుడే నేర్చుకుంది.

“రెండు,” అన్నారు సొలొమోను గారు. ఫొటోగ్రాఫరు ముందుకొచ్చి ఒంగాడు.

ఇంకొక్క మాట. ఒక్క మాట అంటే సీటు వస్తుంది. అన్నాక ఈ పిల్ల ఎవరి గుమ్మంలో నిలబడినా ఇలాగే చూస్తుంది. రమ్మన్నవాళ్ల దగ్గరా, పొమ్మన్నవాళ్ల దగ్గరా, ప్రేమిస్తున్నానన్నవాళ్ల దగ్గరా, ఈ వెతుకులాటే. సుగుణమణికి ఆ చూపు ఎంత అలసటో తెలుసు. సీటు అవసరమని కూడా తెలుసు. ఈ రెండూ ఒకేసారి తెలిసి ఉండటం కొత్త కాదు ఆమెకు. తెలిసి, ఊరుకోవడమే ఇంతవరకు చేసింది.

“మూడవది,” అన్నాడు ప్రసన్నకుమార్. “మనస్ఫూర్తిగా అనండి.”

“రా, కెజియా,” అంది సుగుణమణి. “ఇంటికి పోదాం. నేనూ వస్తాను.”

“నిజంగానా అండి?”

“నిజంగానే.”

కెజియా ముక్కు తుడుచుకుని, టీచరు చిటికెన వేలు పట్టుకుంది. ముందు తేరుకున్నది రాణి.

“టీచరుగారండీ, సీటండీ,” అంది ఏడుపు గొంతుతో.

“రేపు పొద్దున నేనే బడికి తీసుకెళ్తాను, రాణీ. పెద్ద టీచరుతో మాట్లాడతాను. ఇవ్వనంటే ఎల్లుండి మళ్లీ వెళ్తాను. కాదంటే నేను పనిచేసే బడిలోనైనా చేరుస్తాను. దీన్ని మాత్రం ఇంకోసారి ఇలా నిలబెట్టను.”

ఎవరితోనైనా ఆమె ఇన్ని వాక్యాలు ఒకేసారి మాట్లాడటం అయ్యగారు ఎప్పుడూ వినలేదు. “అమ్మా, మూడోది అనేసి వెళ్లమ్మా,” అన్నారు మొహం చిన్నబుచ్చుకుని.

“ఇది ఏ శ్రేణి కిందికి వస్తుంది?” అన్నాడు ప్రసన్నకుమార్, కాగితాలు వెతుకుతూ. “బిడ్డ ప్రాంగణం విడిచి వెళ్తోంది. కాబట్టి ఓర్పా.”

“చిత్తగించండి,” అన్నారు సొలొమోను గారు, కళ్లజోడు సరిచేసుకుంటూ. ఆయనకు ఒక్కసారిగా తన ఉద్యోగపు రోజుల ఉత్సాహం వచ్చేసింది. “కొలిచేది ప్రాంగణం పట్ల విశ్వాస్యత కాదు, టీచరు పట్ల. బిడ్డ టీచరును విడవలేదు. టీచరు వెళ్లుచోటికే వెళ్తోంది. కనుక రూతు.”

“వెంట వెళ్తున్నది టీచరండి. బిడ్డ తన ఇంటికే పోతోంది.”

“అలాగైతే రూతు టీచరు అవుతుంది. మరి టీచరుకు పత్రం ఇవ్వవచ్చునా లేదా అన్నది పరిశీలించవలసి ఉంటుంది.”

“ఆవిడకి ఒకటో తరగతి సీటు దేనికండి?” అన్నాడు ఐసు బండివాడు, రిబ్బను సర్దుకుంటూ.

ప్రసన్నకుమార్ కేంద్ర కార్యాలయానికి ఫోను కలుపుతున్నాడు. అటువైపు ఎవరో ఎత్తి, ఆదివారం అధికారులెవరూ ఉండరని చెబుతున్నట్టుంది. ధ్రువపత్రం బల్లమీద ఎగరకుండా అయ్యగారు దానిమీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. రాణి ఒకసారి ఆ కాగితం వైపు, ఒకసారి కూతురి వైపు చూసి, కొంగు నడుముకు దోపుకుని కూతురి వెనకే నడిచింది.

గేటు ఈ ఆదివారం కూడా ముందుజాగ్రత్తగా మూసే ఉంచారు. ఇనుప గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది, రెండు చేతులతో లాగితేగాని రాదు. వెనకనుంచి ఎవరో, “సుగుణమణి గారూ, ఆగండి, ఆగండి, ఆగండి,” అని మూడుసార్లు పిలిచారు. ఆ పిలుపులో ఏముందో ఆలోచించడానికి ఆమె ఆగలేదు. కుడిచేతి చిటికెన వేలు కెజియా గుప్పిట్లో ఉంది కాబట్టి, ఎడమచేత్తోనే గడియను పైకెత్తి, పక్కకు నెట్టింది.